లేచే ప్రశ్న

ఫ్యాక్టరీ ఆఫీసు, మేడ మీద చివరి గది
ఫలితాలొచ్చిన వారం

వదిన గారికి,

ఎలా ఉన్నారని అడగడానికే మొహమాటంగా ఉంది. టీవీలో మీ సర్వే సంస్థ పేరు చెప్పి మరీ నవ్వుతున్నారు. అధికార పార్టీకి తిరుగే లేదని మీరన్నారు, దేశమంతా అదే అనుకుంది, నేనూ అదే అనుకున్నాను. తీరా పెట్టెలు తెరిచేసరికి కథ అడ్డం తిరిగింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ప్రతిపక్షాన్ని చూసి మనమంతా ఎంత నవ్వామో తలుచుకుంటే సిగ్గేస్తోంది. మీరు ఫోన్ ఎత్తడం లేదు కనుక కాగితం పట్టుకున్నాను.

ఈ ఉత్తరంలో పరామర్శ ఒక వంతు, స్వార్థం మూడు వంతులు. నిన్న మా ఎండీ గారు పిలిచి, వచ్చే నెల మేనేజర్ల సమావేశంలో నన్నొక ప్రసంగం చెయ్యమన్నారు. ఈ ఎన్నికల తారుమారు నుంచి కంపెనీ తరఫున మాట్లాడేవాళ్ళు ఏం నేర్చుకోవాలన్నది విషయం. నేర్చుకోవలసిన పాఠం కూడా ఆయనే చెప్పేశారు. అధికార పార్టీ పనులు బాగానే చేసింది కానీ చేసింది చెప్పుకోవడం చేతకాలేదట. కాబట్టి మనం ఇంకా గట్టిగా, ఇంకా తరచుగా చెప్పాలట. తలూపి వచ్చేశాను. గదిలో కూర్చుంటే మాత్రం కలం కదల్లేదు. లోపలి మనిషి మీరుండగా టీవీ చూసి ప్రసంగం రాయడమేమిటనిపించింది. అసలేం జరిగింది వదినా?

మాకూ ఒక ఎన్నిక ఉందని మీకు తెలుసుగా. ఈ పాత ఫ్యాక్టరీ మూసేసి, మూడు గంటల ప్రయాణం దూరంలో కట్టిన కొత్త షెడ్లకి ఫ్యాన్ల తయారీ మొత్తం మార్చాలని కంపెనీ ఆలోచన. పనివాళ్ళూ ఆఫీసువాళ్ళూ అందరూ ఓటేసి సరేనంటేనే కదలాలని ఒప్పందం. వానలు తగ్గాక ఓటింగు. మాకు భయమేం లేదు లెండి. నేను చేయించిన సర్వేలో అయిదుగురిలో నలుగురు 'అవును' అన్నారు. మీ తమ్ముడు కూడా. ఆయన అచ్చులు చెక్కే టూల్ రూమ్‌లోనే ఉన్నారు. అదే బల్ల, అదే ఆకురాయి, అదే మౌనం.

నాకిప్పుడు విడిగా గది ఇచ్చారు. నేనూ నా బల్లా, పక్కన ఒక ఖాళీ కుర్చీ. దాని మీద పోస్టర్లు పేర్చుకున్నాను. పలకరించే దిక్కు లేదు, అందుకే ఉత్తరం ఇంత పెద్దదైంది.

మీ మరదలు

•

సర్వే ఆఫీసు, తీగ పీకేసిన ఫోన్ పక్కన

మరదలా,

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం సిగ్గు కాదు. ఎత్తితే రెండు రకాలవాళ్ళే దొరుకుతున్నారు, నవ్వేవాళ్ళూ ఓదార్చేవాళ్ళూ. నవ్వేవాళ్ళే నయం. పైగా ఫోన్లో జనం నిజం చెప్పరని మొన్ననే దేశం మొత్తానికీ నిరూపించాం. ఇంక మనం మనం ఫోన్లో మాట్లాడుకోవడమెందుకు? కాగితమే మంచిది.

ఏం జరిగిందో నాకు తెలియదు. తప్పించుకోవడానికి చెప్పే మాట కాదు, నిజంగానే తెలియదు. పోలింగు రోజు వాన పడిందని మా డైరెక్టరు అంటున్నాడు. వాన రెండో పార్టీ వాళ్ళ మీదా పడింది కదా అంటే మాట మారుస్తాడు. ఓడినవాళ్ళు మీ ఎండీ గారి పాటే పాడుతున్నారు, చేసిన మంచి జనానికి చేరలేదని. చేరకపోవడమేమిటి? పొద్దున లేస్తే రేడియోలో అదే, బస్సు వెనకాల అదే, కరెంటు బిల్లు మీద అదే. చేరబట్టే ఓడారేమోనని నాకొక పాడు అనుమానం.

జనాన్ని అడగడం తప్ప నాకింకో పని రాదు. ఆ పనిలోనే నవ్వులపాలయ్యాను కనుక ఏడుపు రావాలి, కనీసం కోపమైనా రావాలి. వింతేమిటంటే కుతూహలం వస్తోంది. తీసి ఉన్న తలుపేదో చూసుకోకుండా దాటి వచ్చేశానని మనసు పీకుతోంది. రేపటి నుంచి గొడుగు పట్టుకుని కుట్టుపని వాళ్ళ వీధికి మళ్ళీ వెళుతున్నాను. ఆ వీధిలో ఇళ్ళన్నీ నేను స్వయంగా అడిగినవే. అందరూ అధికార పార్టీకే అన్నారు. తీరా చూస్తే అక్కడి పెట్టెలో ఆ పార్టీ ఓట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. వాళ్ళు అబద్ధాలాడే మనుషులు కారు. నన్ను ఉంచుకోవాలో సాగనంపాలో సంస్థ ఇంకా తేల్చలేదు. వాళ్ళు తేల్చేలోగా నేనిది తేల్చుకోవాలి.

నీ సర్వే కాగితం ఒకటి పంపు, ఊరికే చూస్తాను. అన్నట్టు, తమ్ముడు 'అవును' అన్నాడని రాశావు. నోటితో అన్నాడా, కాగితం మీద టిక్కు పెట్టాడా?

వదిన

•

ఇంట్లో, వంటింటి బల్ల మీద

వదినా,

కాగితం జత చేశాను. నేనే కూర్చుని తయారుచేశాను, ఎంత పొందికగా ఉందోనని ఎండీ గారు మెచ్చుకున్నారు కూడా. "కొత్త చోటికి మారడం మీకు సమ్మతమేనా?" అని ఒకటే ప్రశ్న. 'అవును'కి ఒక గడి, 'కాదు'కి ఒక గడి. కాదన్నవాళ్ళ బాధేమిటో తెలియాలి కనుక, "కాదు అయితే కారణాలు వివరంగా రాయండి" అని కింద నాలుగు గీతలు. పేరు రాయనక్కర్లేదు, నింపి ఫోర్‌మన్ చేతికిస్తే చాలు. ఇంతకన్నా న్యాయంగా ఎవరడుగుతారు?

మీ చివరి ప్రశ్న కొంచెం గుచ్చుకుంది. ఆయన టిక్కే పెట్టారు. అందరూ టిక్కే పెట్టారు. కట్టుకున్నదాన్ని కనుక ఆయన చేత విడిగా ఒట్టు వేయించుకోవాలా?

ప్రచారం జోరుగా సాగుతోంది. "కొత్త చోటు, కొత్త గాలి" అన్నది మా నినాదం. ఫ్యాన్ల కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి? క్యాంటీన్‌లో, మంచినీళ్ళ కుళాయి దగ్గర, సైకిల్ స్టాండులో, ఎటు తిరిగినా అదే కనబడేలా అంటించాం. మొన్నటి సభలో ఎండీ గారి మాటలకి చప్పట్లు ఆగలేదు. ముందు వరసల్లో మా ఆఫీసువాళ్ళని కూర్చోబెట్టింది నేనే, అది వేరే సంగతి. యంత్రాలకి ఆర్డరు కూడా పెట్టబోతున్నారు.

కొత్త చోట కంపెనీ ఇల్లు ఇస్తారు. పెద్ద కిటికీలు, ఇంటి ముందు కాస్త ఖాళీ స్థలం. మీ తమ్ముడి వాలకం మాత్రం నాకు అంతుపట్టడం లేదు. పెరటి మెట్లు విరిగి ఎన్నేళ్ళయినా పట్టించుకోని మనిషి, ఇప్పుడు ఆదివారమొస్తే చాలు, సిమెంటు కలుపుకుని మెట్లు కడుతున్నారు. వదిలేసిపోయే ఇంటికి మెట్లు కట్టేవాళ్ళని ఎక్కడైనా చూశారా? ఎందుకండీ దండగ అంటే, వచ్చేవాళ్ళు జారిపడకూడదు కదా అన్నారు. ఆ తర్వాత మళ్ళీ బెల్లం కొట్టిన రాయి. ఇంత పరోపకారం ఈయనకి ఎప్పుడు పుట్టుకొచ్చిందో!

మీ వీధిలో ఏం తేలింది? నా ప్రసంగం మొదటి వాక్యం దగ్గరే కూలబడింది.

మీ మరదలు

•

కుట్టుపని వాళ్ళ వీధి చివర, టీ కొట్టు బల్ల మీద

మరదలా,

దొరికింది. ఈ బల్ల ఊగుతోంది కనుక అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకుని చదువుకో.

ఈ వీధి మొదట్లో బడిపిల్లల బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఎన్నికలకి ముందు నేను అడిగితే అధికార పార్టీకేనని తడుముకోకుండా చెప్పింది. ఇప్పుడు నన్ను చూడగానే నవ్వి, కూర్చోమని స్టూలు జరిపింది. నాకలా ఎందుకు చెప్పావమ్మా అని అడిగాను. దెప్పడానికి కాదు, తెలుసుకోవాలని. మిషను ఆపి నా మొహం చూసింది.

"అవునంటే రాసుకుని వెళ్ళిపోతారు. కాదంటే ఎందుకని అడుగుతారు. నా చేతిలో పనుంది కదమ్మా."

ఇంతే. అధికారంలో ఉన్నవాళ్ళకి అవునంటే ఎవరూ కారణం అడగరు. కాదంటే పది మాటలు చెప్పుకోవాలి, అదీ ముక్కూ మొహం తెలియని మనిషికి. అందులో మోసం లేదు, మొహమాటం ఉంది. దాన్ని మేము లెక్కల్లో వేసి ప్రభుత్వాన్ని నిలబెట్టేశాం.

అసలు సంగతి ఇంకోటి ఉంది. మా పనిలో 'లేచే ప్రశ్న' అని ఒకటుంటుంది. అడగవలసినవన్నీ అయిపోయాక దిగ్గున లేచి రావడం మర్యాద కాదు కదా, అందుకని కలానికి మూత పెడుతూ ఊరికే ఒక మాట అడుగుతాం. మీ పక్కింటివాళ్ళు ఎవరికి వేస్తారనుకుంటున్నారు, అని. కాగితంలో దానికి చోటు కూడా ఉండదు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పేదాన్ని, జవాబు రాసుకోకండి, చెప్పులు వేసుకుంటూ వినండి చాలు అని.

ఆ ప్రశ్న ఇప్పుడు మళ్ళీ అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. అప్పుడూ అడిగారుగా, అప్పుడే చెప్పానుగా అంది. ఏం చెప్పావంటే, పక్కింటివాళ్ళ మనసు విరిగిపోయింది, ఈసారి వెయ్యరన్నానుగా అంది. నిజమే, అప్పుడూ అదే అంది! నేను అప్పుడు చెప్పు పట్టీ పెట్టుకుంటున్నాను. ఆ పక్కింటికి వెళ్ళాను. మేము మారలేదండీ, ఆ పక్కవాళ్ళే మారారని చెప్పామే అన్నారు. ఏ ఇంటికెళ్ళినా ఆ ఇల్లు మారలేదు, పక్కిల్లు మారింది. అలా వీధి చివరిదాకా వచ్చి ఈ బల్ల మీద పడ్డాను.

ఇక నీ కాగితం. 'అవును'కి ఒక టిక్కు, 'కాదు'కి నాలుగు గీతల వ్యాసం, దాన్ని మోసుకెళ్ళి ఫోర్‌మన్ చేతిలో పెట్టడం. చేతికి నూనె అంటిన మనిషి, ఇంటికెళ్ళే తొందరలో ఏ గడి ఎంచుకుంటాడు? నువ్వు తెలిసి చేశావనడం లేదు. మేమూ తెలిసి చెయ్యలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే కానీ ఎలా అడిగామన్నదీ ఉంది కదా. కొన్నాళ్ళు పోస్టర్లు పక్కనపెట్టి లేచే ప్రశ్న వేసి చూడు. రాసుకోకు. కలం తీస్తే నోరు మూసుకుపోతుంది.

వదిన

•

ఫ్యాక్టరీ, క్యాంటీన్ మూల

వదినా,

మీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. సొరుగులో పడేశాను. ఎన్నికల్లో బోర్లాపడ్డ మనిషి నాకు పాఠాలు చెప్పడమేమిటని కూడా అనుకున్నాను, క్షమించండి. కానీ ఆ నాలుగు గీతలు కళ్ళ ముందు నుంచి పోలేదు.

చివరికి వైండింగ్ విభాగంలోకి వెళ్ళాను. తీగలు చుట్టే ఒకావిడ దగ్గర కూర్చుని మామూలు కబుర్లాడి, లేస్తూ అడిగాను, పక్కావిడ ఏమనుకుంటోందని. తనకేం ఫరవాలేదంది. పక్కావిడకే కష్టం, అత్తగారు మంచాన ఉన్నారు, ఇరుగుపొరుగు సాయం లేకపోతే ఆవిడకి ఉద్యోగానికి రావడమే కుదరదు అంది. పక్కావిడ దగ్గరికెళితే తను ఎక్కడికైనా వస్తానంది, ముందు చెప్పిన ఆవిడకే పిల్లల బడి సమస్యట. పెయింటు షెడ్డులోనూ ప్యాకింగ్‌లోనూ ఇదే వరస. అభ్యంతరం ఎవరికీ లేదు, అందరి పక్కవాళ్ళకీ ఉంది! పెయింటు షెడ్డులో ఒకాయన మరీ నెమ్మదిగా, కొత్త గాలి అంటున్నారు, పాత గాలికేమైందని మా పక్కవాడు అడుగుతున్నాడండీ అన్నాడు. ఆ నినాదం కోసం నేను వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను.

లెక్క వెయ్యొద్దన్నారు కనుక వెయ్యలేదు. వెయ్యనక్కర్లేదు కూడా. ఓటింగు పెడితే ఓడిపోతాం. ఇది ఎండీ గారికి చెప్పాలి. పిల్లి మెడలో గంట కట్టాల్సింది నేనే. మీకు ఇన్నాళ్ళూ ఒకటి చెప్పలేదు. ఓటింగు నెగ్గితే కొత్త చోట ప్రచార విభాగం మొత్తానికి నన్నే పెద్దని చేస్తామని ఎండీ గారు మాటిచ్చారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, మీ తమ్ముడికి మాత్రం చెప్పాను. ఈ కుర్చీ కోసం ఎంత కాచుకున్నానో మీకు తెలుసు. ఇప్పుడు నా నోటితో నేనే దాన్ని కాలదన్నుకోవాలా?

ఇంట్లో కూడా ఆ ప్రశ్న వేశాను. తింటూండగా, మీ పక్క బల్ల పెద్దాయన ఏమంటున్నారని అడిగాను. మీరు నమ్మరు, మీ తమ్ముడు అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. పాపం ఆ పెద్దాయనకి అసలు ఇష్టం లేదట. ఆయన బల్ల మీద ఎడమవైపు కిటికీ నుంచి వెలుగు పడుతుందట, ఆ వెలుగులో ఇనుప ముక్క అంచు చూస్తే చాలు, ఇంకెంత ఆకురాయి పట్టాలో చేతికే తెలిసిపోతుందట. కొత్త షెడ్డుకి కిటికీలు లేవట. నడిచి పనికెళ్ళి నడిచి ఇంటికొచ్చే దారి ఆయనకి చాలా ఇష్టమట. అన్నిటికీ మించి, ఇంట్లో అంతా నిశ్చయమైపోయాక టిక్కు పెట్టమని కాగితం చేతికిచ్చారట. అది ఆయన మనసులో ఉండిపోయిందట. వింటూంటే నాకు జాలేసింది. పెళ్ళాం ఎలాంటిదో కానీ, ఒక్కమాట అడిగి ఉంటే ఏం పోయేది?

మీ మరదలు

•

సర్వే ఆఫీసు, మెట్ల కింద

మరదలా,

నీ కంపెనీ పత్రిక నెలనెలా నాకు పంపుతావు, నేను అట్ట నుంచి అట్ట దాకా చదువుతాను. టూల్ రూమ్ పెద్దాయన కిందటేడే రిటైరయ్యాడు. మెడలో సన్మానం దండతో ఫోటో, కింద నువ్వు రాసిన నాలుగు మంచి ముక్కలు. ఆ పక్క బల్ల అప్పటి నుంచీ ఖాళీయేనని తమ్ముడే ఒకసారి నాతో అన్నాడు. నీ చేత్తో నువ్వు సాగనంపిన మనిషిని మర్చిపోయి, ఆయన పెళ్ళాన్ని తిడుతున్నావు.

చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తే తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, పక్కింటి అబ్బాయికి ఆకలేస్తోందట" అనేవాడు. పక్కింట్లో అప్పటికి పిల్లలే లేరు. అమ్మ నవ్వకుండా, ఆ అబ్బాయిని లోపలికి రమ్మనేది. వీడొచ్చి కూర్చునేవాడు.

మెట్ల సంగతి రాసినప్పుడే నాకు అర్థమైంది. చెబితే ఆడపడుచు పెత్తనం అంటావని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం కూడా మొహమాటమే చూశావా.

ఎండీ గారి గంట తర్వాత కడుదువుగాని. ముందు పక్కింటి అబ్బాయిని లోపలికి పిలు.

వదిన

•

ఇంట్లో, పెరటి మెట్ల మీద

వదినా,

పిలిచాను. ఆదివారం ఆయన ఆఖరి మెట్టు నున్నగా చేస్తూంటే వెళ్ళి పైమెట్టు మీద కూర్చున్నాను. పక్క బల్ల పెద్దాయన రిటైరయ్యారు కదండీ అన్నాను. తాపీ ఆగింది. ఆయన దాన్ని కడిగి గోడకి ఆనించేదాకా నేను ఇంకో మాట అనకుండా ఆగాను. మామూలుగా అయితే నాకు అంతసేపు నోరు మూసుకోవడం చేతకాదు.

"నువ్వు పైకెళుతున్నావు. నేను అడ్డుపడ్డానన్న పేరు నాకొద్దు," అన్నారు. చేతులు తుడుచుకుని, "టిక్కు పెట్టమన్నావు. అడగలేదు," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది వదినా. ఊరందరి చేతా అవుననిపించగలనని పేరు తెచ్చుకున్నదాన్ని, ఒకే ఇంట్లో ఉన్న మనిషిని ఒక్కసారి అడగలేదు. అడిగాను అప్పుడు. కిటికీ సంగతి, దారి సంగతి మళ్ళీ చెప్పారు, ఈసారి 'నాకు' అని చెప్పారు. నా కుర్చీ సంగతి నేనూ దాచుకోకుండా చెప్పాను. నాకూ ఆశ ఉంది, దాన్ని చంపుకోవడం తేలిక కాదన్నాను. ఏమీ తేల్చుకోలేదు. కానీ చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నాం.

మర్నాడు ఎండీ గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తనకి పూర్తి నమ్మకం ఉందనీ బోర్డులో ఒకరిద్దరికే అనుమానాలున్నాయనీ అన్నారు. నవ్వాపుకోవడానికి నేను పడ్డ పాట్లు దేవుడికి తెలుసు. ఆయనకీ ఒక పక్కిల్లుంది! తర్వాత గొంతు మారింది. మీ పని చెప్పడం, అడగమని ఎవరన్నారన్నారు. ఉద్యోగంలో చేరినప్పుడు నిజంగానే ఎవరూ అనలేదు.

ప్రసంగం మాత్రం చేశాను. కుట్టుమిషను ఆవిడ గురించి చెప్పాను, చెప్పు పట్టీ గురించి చెప్పాను. నా సర్వే కాగితం తెర మీద పెద్దదిగా చూపించి ఆ నాలుగు గీతలూ నేనే గీశానన్నాను. ఆఖర్న, మీ పక్క విభాగంవాళ్ళు ఏమనుకుంటున్నారని మేనేజర్లని అడిగి, నేనింక కూర్చుండిపోయాను. తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని, మా సంగతి బాగానే ఉంది కానీ స్టోర్స్ వాళ్ళకే అని మొదలుపెట్టాడు. స్టోర్స్ ఆయన ప్యాకింగ్ వాళ్ళ గురించి అందుకున్నాడు. ఇక ఆగలేదు. ఎండీ గారు తలవంచుకుని రాసుకుంటూ కూర్చున్నారు. కలం పక్కన పెట్టండని చెబుదామనుకున్నాను, అంత ధైర్యం లేకపోయింది.

యంత్రాల ఆర్డరు ఆపారు. ఓటింగు ఆగదు. చీటీ మీద కారణాలు అడగరు, పెట్టె దగ్గర ఫోర్‌మన్ ఉండడు, ఈ రెండింటికీ ఒప్పుకున్నారు. పోస్టర్లు నేనే పీకేశాను, కొన్నిటికి గోడ సున్నం కూడా ఊడొచ్చింది. నా కుర్చీ సంగతి మళ్ళీ చూద్దామన్నారు. మళ్ళీ చూద్దాం అంటే ఏమిటో ఉద్యోగం చేసే ప్రతివాళ్ళకీ తెలుసు.

మీ ఉద్యోగం సంగతి మళ్ళీ రాయనేలేదు. ఏమన్నారు?

మీ మరదలు

•

సర్వే ఆఫీసు, కొత్తవాళ్ళ తరగతి గది

మరదలా,

నన్ను ఉంచారు, కాస్త కిందికి దించి. లెక్కల గదిలోంచి తీసి కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పమన్నారు. చెప్పులు నెమ్మదిగా వేసుకోవడం ఎలాగో నేర్పుతున్నాను. ఇదివరకటి కన్నా హాయిగా ఉందంటే నమ్ముతావా?

మా డైరెక్టరుకి లేచే ప్రశ్న తెగ నచ్చింది. ఇకనుంచి దాన్నే మొదటి ప్రశ్న చేద్దామన్నాడు, కాగితంలో గడులు కూడా గీయించాడు. గడి గీస్తే అది చస్తుందయ్యా అని మొత్తుకున్నాను. పక్కింటివాళ్ళ గురించి అడిగి రాసుకుంటున్నారని తెలిస్తే, జనం ఆ పక్కవాళ్ళ తరఫున కూడా మొహమాటానికి అవుననేస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వచ్చే ఎన్నికల్లో మళ్ళీ నవ్వులపాలవుతాం, అప్పుడు ఇంకేం దొరుకుతుందో చూడాలని నాకు ఇప్పటి నుంచే ఆత్రంగా ఉంది.

మెట్ల మీద కూర్చున్నారని చదివి ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను. వాడు 'నాకు' అన్నాడా! అమ్మ ఉంటే సంతోషించేది.

ఓటింగు దగ్గరపడింది కదా. ఇన్ని ఇళ్ళు అడిగినదాన్ని, నిన్నొక్కదాన్ని అడగలేదు. నువ్వు ఎటు వేస్తావు? కొత్త చోటుకా, పాత చోటుకా? ఇది లేచే ప్రశ్న కాదు. తీరిగ్గా కూర్చుని అడుగుతున్నాను, తప్పించుకోకు.

వదిన

•

ఫ్యాక్టరీ ఆఫీసు, మేడ మీద చివరి గది

వదినా,

ఓడిపోయాం. చాలా పెద్ద తేడాతో. హాల్లో అందరి ముందే పెట్టె తెరిచి చీటీలు విప్పారు. చప్పట్లు కొట్టడానికి నేను ముందు వరసలో ఎవరినీ కూర్చోబెట్టలేదు. గెలిచినవాళ్ళు కూడా కొట్టలేదు, మొహమాటపడ్డారు.

ఎండీ గారు కోపంగా ఇంటికి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. కొంతసేపటికి ఒక్కరే టూల్ రూమ్‌లోకి దిగి, ఆ ఖాళీ బల్ల దగ్గర నిలబడి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారట. తర్వాత మీ తమ్ముణ్ణి, కొత్త షెడ్డుకి కిటికీలు ఎటువైపు పెడితే బాగుంటుందని అడిగారట. మీ తమ్ముడు చెప్పారట. పక్కవాణ్ణి అడ్డం పెట్టుకోకుండా తన మాటగానే చెప్పానని ఇంటికొచ్చి గొప్పగా నాతో అన్నారు. పాత ఫ్యాక్టరీ ఇక్కడే ఉంటుంది. ఇష్టపడ్డవాళ్ళనీ కొత్తగా తీసుకునేవాళ్ళనీ పెట్టుకుని అక్కడ చిన్నగా మొదలుపెడతారట.

అక్కడి ప్రచార విభాగానికి ఇంకొకరిని వేశారు. ఆ కబురు విన్న రోజు అన్నం సయించలేదు. సంతోషంగా ఉన్నానని రాస్తే మీరే నమ్మరు. ఆ కుర్చీ కావాలనుకున్నాను, ఇప్పటికీ కావాలనే ఉంది. సాయంత్రం ఇంటికెళితే మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ బిగిస్తున్నారాయన. రెండో కొస పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. పనవుతూండగా, నీకు బాధగా ఉందా అని అడిగారు. ఉందన్నాను. ఎందుకని అడగలేదు, నా పక్కనే కూర్చున్నారు.

కంపెనీ పత్రికలో ఇకమీదట ఒక పేజీ ఖాళీగా వదులుదామనుకుంటున్నాను, పక్కవాళ్ళ కోసం. ఎండీ గారు మళ్ళీ చూద్దామన్నారు.

మీ ప్రశ్న మర్చిపోలేదు. నేను ఎటు వేశానని కదా అడిగారు. కొత్త చోటు కోసం నినాదం రాసినదాన్ని, కంపెనీ జీతం తింటూ కంపెనీ మాట చెప్పేదాన్ని, నా సంగతి అడగాలా? నాకైతే వెళ్ళడానికేం అభ్యంతరం లేదు. నా గదిలో పక్క కుర్చీలో కూర్చునే ఆవిడ మాత్రం, చీటీ పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి వద్దనే వేసిందట.

మీ మరదలు